ఆధునిక సాహిత్యం నిండా ఇంత బాధ, ఇంత శూన్యం ఎందుకు? దాన్ని ఎలా చదవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎం.ఏ.లో చేరాక యూరప్ రచయితలు కాఫ్కా, కామూ, బెకెట్, మన గోపీచంద్, బుచ్చిబాబు వరసగా చదవాల్సి వచ్చింది. ఏది తెరిచినా మనిషి బాధపడటం, ఆ బాధకు ఏ అర్థమూ లేకపోవడం. రెండు ప్రపంచ యుద్ధాల వల్ల దేవుడి మీద, మనిషి మీద నమ్మకం పోయిందని, అందుకే ఇలా రాశారని గైడ్లలో ఉంది. అంతేనా? జీవితానికి అర్థం లేదనేనా వీళ్ళు చెప్పేది? చదువుతుంటే మనసు బరువెక్కిపోతోంది, అయినా చదవాలా?

నేను చాలా ఏళ్ళు ఈ పుస్తకాల్ని క్లాసులో చెప్పాను. నాకు తెలిసింది ముందే సూటిగా చెప్పేస్తాను. వీళ్ళలో గొప్పవాళ్ళెవరూ జీవితానికి అర్థం లేదని తీర్పు ఇవ్వడానికి కూర్చోలేదు. ఎదుటివాడి బాధకు ఏదో ఒక అర్థం అంటగట్టి, ఇక మన పని అయిపోయిందనుకోవడానికి మాత్రం వాళ్ళు ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయం పట్టుకుని మళ్ళీ చదవండి, అవే పుస్తకాలు వేరేగా కనిపిస్తాయి.

ముందు యుద్ధాల సంగతి. ఆ వివరణ పూర్తిగా తప్పు కాదు గానీ, దానికి తారీఖులు సరిపోవు. టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' 1886లో వచ్చింది. కాఫ్కా 'రూపాంతరం' రాసింది 1912 చివర్లో, అచ్చయింది 1915లో. రాసేనాటికి మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా మొదలే కాలేదు. దొస్తోయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' 1880 నాటిది. అందులో ఇవాన్ తన తమ్ముడు అల్యోషాతో ఒక మాట అంటాడు: చివరికి లోకమంతా ఒక గొప్ప సామరస్యంలో కలిసిపోతుందన్నా సరే, దాని కోసం ఒక్క పసిబిడ్డ కన్నీళ్ళు ధరగా కట్టాల్సి వస్తే ఆ లోకానికి నాకిచ్చిన టికెట్ వినయంగా తిరిగి ఇచ్చేస్తున్నాను అని. నన్నడిగితే, బాధ గురించి ఆధునిక సాహిత్యం అడిగే అసలు ప్రశ్న అదే. యుద్ధాలు ఆ ప్రశ్నని కోట్ల ఇళ్ళలోకి తెచ్చాయి, అంతవరకు నిజం.

బాధ కొత్తగా వచ్చింది కాదు కదా. హరిశ్చంద్రుడు కాటికాపరి అయ్యాడు, ఆలుబిడ్డల్ని అమ్ముకున్నాడు. కానీ అక్కడ చివర్లో దేవతలు ప్రత్యక్షమవుతారు, ఇదంతా పరీక్ష అంటారు, పోయిన రాజ్యం తిరిగి వస్తుంది. బైబిల్లో యోబుకీ అంతే, ఆస్తి రెండింతలై తిరిగి వస్తుంది, మళ్ళీ పిల్లలు పుడతారు. మొదట చచ్చిపోయిన పిల్లల మాటేమిటని అక్కడ ఎవరూ అడగరు. ఆధునిక రచయిత సరిగ్గా అది అడుగుతాడు. అతని కథలో చివర్లో వచ్చి లెక్క తేల్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఇవాన్ ఇల్యిచ్ కథ మీ సిలబస్‌లో ఉందో లేదో గానీ, నేనైతే ఎవరికైనా దానితోనే మొదలుపెట్టమంటాను. అతనో జడ్జి. మంచి జీతం, మంచి పరపతి. కొత్త ఇంట్లో కర్టెన్లు ఎలా వేలాడదీయాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీంచి జారుతాడు, పక్కలో దెబ్బ తగులుతుంది. మెల్లగా నొప్పి మొదలవుతుంది, అదే ప్రాణం తీస్తుంది. డాక్టర్లు మూత్రపిండమా, ఇంకొకటా అని వాదించుకుంటారు. ఇంతకాలం తను కోర్టులో ముద్దాయిలతో ఏ గొంతుతో మాట్లాడాడో, డాక్టరు తనతో అదే గొంతుతో మాట్లాడుతున్నాడని అతనికి తెలిసిపోతుంది. మనుషులందరూ చనిపోతారు, కాయస్ మనిషి, కాబట్టి కాయస్ చనిపోతాడు అని తర్కం పుస్తకంలో చదువుకున్నాడు. కాయస్ చనిపోవడం న్యాయమే, కానీ తను కాయస్ కాదు కదా!

అతన్ని అన్నిటికన్నా ఎక్కువ హింసించేది నొప్పి కాదు. ఇంట్లో అందరూ కలిసి, ఇది మామూలు జబ్బే, మందులు వేసుకుంటే తగ్గిపోతుందని నటించడం. నటించని వాడు ఒక్కడే, గెరాసిమ్ అనే పల్లెటూరి పనివాడు. కాళ్ళు ఎత్తిపెడితే నొప్పి తగ్గుతుందంటే ఆ కుర్రాడు తన భుజాల మీద దొరగారి కాళ్ళు పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు. అందరం ఎప్పుడో పోయేవాళ్ళమే, ఈ మాత్రం శ్రమ పడితే ఏం పోయింది అంటాడు. చావుకి ఏ వివరణా ఇవ్వడు. కాళ్ళు పట్టుకుంటాడు.

ఇక్కడే చెప్తాను, ఇలాంటి ఏ పుస్తకం చదివినా నేను రెండు సంగతులు వెతుకుతాను. బాధపడేవాడితో అబద్ధం ఆడుతున్నది ఎవరు? వాడి కాళ్ళు పట్టుకున్నది ఎవరు? పరీక్షలో ఇది రాస్తే మార్కులు వస్తాయో లేదో చెప్పలేను. పుస్తకం మాత్రం అర్థమవుతుంది.

కాఫ్కా దగ్గర ఆ రెండో మనిషి కనిపించడు, అందుకే అతను అంత భయపెడతాడు. గ్రెగర్ సామ్సా బట్టల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే సేల్స్‌మన్. తండ్రి యజమానికి బాకీ పడ్డాడు, ఆ బాకీ తీర్చడానికే కొడుకు ఉద్యోగం. ఒక రోజు పొద్దున లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడు. అప్పుడతని టెన్షన్ ఏమిటో గమనించారా? తను పురుగైనందుకు కాదు, అయిదు గంటల రైలు తప్పిపోయిందే, ఆఫీసులో ఏం సమాధానం చెప్పాలి అని. ఆ కాసేపట్లోనే ఆఫీసు నుంచి పెద్ద గుమాస్తా ఇంటికి వచ్చేస్తాడు కూడా.

కాఫ్కా ఏదో శూన్యంలో కూర్చుని ఇది ఊహించలేదు. 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. ఏ ఫ్యాక్టరీలో ఎంత ప్రమాదం ఉందో లెక్కగట్టడం, యజమానుల అప్పీళ్ళకు జవాబులు రాయడం అతని పని. చెక్క చిత్రిక పట్టే యంత్రాల్లో కూలీల వేళ్ళు ఎలా తెగిపోతున్నాయో, వేరే రకం ఇరుసు బిగిస్తే అవి ఎలా దక్కుతాయో బొమ్మలతో సహా రిపోర్టు రాశాడు. మనిషి నొప్పి ఒక ఫైలుగా, ఒక నంబరుగా మారిపోవడాన్ని అతను రోజూ బల్ల మీద చూశాడు. అతని 'విచారణ' నవలలో జోసెఫ్ కె.ని ఎందుకు అరెస్టు చేశారో చివరిదాకా ఎవరూ చెప్పరు. అది తత్వశాస్త్రంలోంచి ఊడిపడిన సంగతి కాదు. ఏ పెద్ద ఆఫీసులోనైనా ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరిగినవాళ్ళకి అది బాగా తెలుసు.

'రూపాంతరం' ముగింపు మళ్ళీ చదవండి. గ్రెగర్ చచ్చిపోతాడు. పనిమనిషి ఊడ్చేస్తుంది. తల్లీ తండ్రీ చెల్లెలూ ట్రామెక్కి ఎండలో ఊరిబయటికి షికారు వెళ్తారు. చెల్లెలు ఎదిగిందని, ఇక సంబంధం చూడాలని తల్లిదండ్రులకి తోస్తుంది. ఇన్నాళ్ళూ ఇంటిని మోసినవాడు సంపాదించడం ఆగిపోగానే ఇంట్లోవాళ్ళకి మనిషిగా కనిపించడం మానేశాడు. చెల్లెలు మొదట్లో అన్నకి ఏది ఇష్టమో తెలుసుకుందామని రకరకాల తిండి తెచ్చి పెట్టింది, ఆఖరికి దీన్ని వదిలించుకోవాలన్న మాట ఆ అమ్మాయి నోటే వస్తుంది. ఆ మధ్యలో ఆమె ఎలా అలిసిపోయిందో కాఫ్కా చాలా ఓపికగా రాశాడు. మంచంలో ఉన్న మనిషికి ఏళ్ళ తరబడి సేవ చేసిన ఇళ్ళలో ఈ కథ చదివితే ఎవరూ దీన్ని వింత కథ అనరు.

ఇప్పుడు కామూ. మీ క్లాసులో బహుశా 'అపరిచితుడు' నవల, 'సిసిఫస్ పురాణం' అనే వ్యాసం మీదే ఎక్కువ సమయం పెట్టి ఉంటారు. రెండూ 1942వే. అసంబద్ధత అన్నది మనిషిలోనూ లేదు, లోకంలోనూ లేదు, సమాధానం కావాలని మనిషి అరవడానికీ లోకం పలక్కపోవడానికీ మధ్య ఉందంటాడు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, ఆ వ్యాసంలో మిగతా వాదనని త్వరగా దాటేయొచ్చు. కామూ మనసు తెలియాలంటే 1947లో వచ్చిన 'ప్లేగు' చదవాలి.

అల్జీరియాలో ఒరాన్ పట్టణం. ప్లేగు వస్తుంది, ఊరి తలుపులు మూసేస్తారు. పానెలూ అనే క్రైస్తవ ఫాదరు చర్చిలో ఉపన్యాసం ఇస్తాడు: ఈ విపత్తు మీ మీదికి వచ్చింది, మీరు దానికి తగినవాళ్ళే అంటాడు. అది శిక్ష, అదే మేల్కొలుపు కూడా. చాలా బాగా మాట్లాడతాడు, ఊరంతా వింటుంది. ఆ తర్వాత ఒథాన్ అనే మేజిస్ట్రేటు కొడుక్కి ప్లేగు తగులుతుంది. చిన్నపిల్లాడు. ఆశ లేదని తెలిసి, కొత్తగా తయారుచేసిన సీరం ఆ బిడ్డ మీద ప్రయత్నిస్తారు. మందు పనిచేస్తుంది, ఎలాగంటే, మామూలుగా కన్నా ఎక్కువసేపు ఆ బిడ్డ బాధపడతాడు. డాక్టర్ రియూ, పానెలూ, మిగతావాళ్ళు మంచం చుట్టూ నిలబడి ఆ బాధని ఆరంభం నుంచి చివరిదాకా చూస్తారు. కామూ పేజీల కొద్దీ రాశాడు అది, ఎక్కడా కన్ను తిప్పుకోనివ్వడు. పిల్లాడు పోయాక రియూ బయటికి వస్తూ ఫాదరు మీద విరుచుకుపడతాడు: వీడు మాత్రం ఏ పాపమూ చేయలేదు, అది మీకూ తెలుసు! మనకి అర్థం కానిదాన్ని మనం ప్రేమించాలేమో అని పానెలూ అంటే, పిల్లల్ని హింసించే ఈ సృష్టిని చచ్చేదాకా ప్రేమించలేనంటాడు రియూ.

చాలామంది ఇక్కడ ఆగిపోయి, చూశారా, దేవుడు లేడు, అర్థం లేదు అంటారు. కానీ ఆ వెంటనే రియూ చెప్పే మాట ఇంకా ముఖ్యం. మనిద్దరం ఒకే పని చేస్తున్నాం, రోగులతో ఉన్నాం, దేవదూషణకీ ప్రార్థనకీ అవతల మనల్ని కలిపేది అదే అంటాడు. ఆ ఫాదరు కూడా మొదటి ఉపన్యాసంలోని మనిషిగా మిగలడు. రెండో ఉపన్యాసంలో 'మీరు' అనడం మానేసి 'మనం' అంటాడు. కామూ నమ్మకం లేనివాడే, కానీ ఆ ఫాదర్ని వెటకారం చేయలేదు. అతన్నీ రోగుల మంచాల దగ్గరికి తీసుకొచ్చాడు.

ఈ ఘట్టం తెలుగు పిల్లలకి చెప్పేటప్పుడు నాకు ఏ కష్టమూ ఉండేది కాదు. పానెలూ మొదటి ఉపన్యాసం మనందరం విన్నదే. చిన్న వయసులో ఎవరైనా పోతే పరామర్శకి వచ్చినవాళ్ళు ఏమంటారు? రాసిపెట్టి ఉంది. ఏ జన్మలో ఏం చేశారో. మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకుపోతాడు. ఓదార్చాలనే అంటారు, వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. కానీ బిడ్డ పోయిన తల్లి ముఖం చూడండి ఆ క్షణంలో. బిడ్డ పోవడం ఒక దెబ్బ, అందులో తన తప్పు కూడా ఏదో ఉందన్నట్టు వినబడటం ఇంకో దెబ్బ.

ఆ కర్మ అన్న జవాబుని తెలుగులో నిలదీసినవాళ్ళలో నేను ముందు చెప్పుకునే పేరు జాషువా. 'గబ్బిలం' కావ్యం 1941లో వచ్చింది, నేను పైన చెప్పిన కామూ పుస్తకాలకన్నా ముందే. ఊరి బయట గుడిసెలో ఆకలితో ఉన్న అరుంధతీ సుతుడికి గుళ్ళోకి ప్రవేశం లేదు. గుళ్ళో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి ఉంది. అందుకని శివుడికి తన గోడు దాని చేత చెప్పి పంపుతాడు. కర్మ సిద్ధాంతంతో నోరు కట్టేసి స్వార్థపరులు నా కూడు తింటున్నారు, ఆ కర్మ అంటే ఏమిటో, దానికి నా మీద కక్ష ఏమిటో ఈశ్వరుడి చేతే రుజువు చేయించమని అడుగుతాడు. ఇవాన్ కరమజోవ్ తిరిగి ఇచ్చిన టికెట్, రియూ కోపం, ఈ పద్యం మూడూ ఒకే చోట నిలబడి ఉన్నాయి. నా దృష్టిలో జాషువా వాళ్ళిద్దరికన్నా ఒక అడుగు ముందున్నాడు. ఆ అబద్ధపు అర్థం వల్ల ఎవరి కడుపు నిండుతోందో కూడా చెప్పాడు గనక.

దీన్నిబట్టి మీరు అడగని ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. అర్థం లేని బాధ అంటున్నాం, ఎవరి బాధ? 'అపరిచితుడు'లో మెర్సో సముద్రపు ఒడ్డున ఒక అరబ్బుని కాల్చి చంపుతాడు. ఆ చనిపోయినవాడికి నవలలో పేరే లేదు. 2013లో అల్జీరియా రచయిత కమెల్ దావూద్ ఆ చనిపోయినవాడి తమ్ముడి చేత కథ చెప్పించి, వాడికి మూసా అని పేరు పెట్టాడు. కామూని నేను ఎంత ఇష్టపడినా ఈ ఆక్షేపణ న్యాయమైనదని ఒప్పుకుంటాను. 'ప్లేగు'లో కూడా ఒరాన్‌లోని అరబ్బులు దాదాపు కనిపించరు. హంగేరీ విమర్శకుడు లూకాచ్ కాఫ్కా గురించి చేసిన ఫిర్యాదూ ఈ దారిలోదే: ఒక ప్రత్యేకమైన సమాజంలోని భయాన్ని మొత్తం మానవ స్థితిగా చూపిస్తున్నాడని. ఆకలికి, కులానికి, పరాయి పాలనకి కారణాలున్నాయి. వాటిని కూడా అస్తిత్వ వేదన, అంటే మనిషిగా బతకడంలోనే ఉన్న బాధ, అనేస్తే అదీ ఒక అబద్ధపు అర్థమే అవుతుంది. బాధ ఎక్కడ కారణం ఉన్నదో, ఎక్కడ నిజంగానే కారణం దొరకనిదో విడదీసి చూడటం పాఠకుడిగా మీ బాధ్యత.

మన నవలలకి వద్దాం. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుని అందరూ జాలిగా చదువుతారు. నాకు అతను వేరేగా కనిపిస్తాడు. కలిగిన ఇంట్లో పుట్టి, వంశ ప్రతిష్ఠ అని పాకులాడి ఉన్నది పోగొట్టుకుంటాడు. చేసే ప్రతి పనికీ, చేయని ప్రతి పనికీ ఒక వాదన తయారుచేసుకుంటాడు. భార్యాబిడ్డల్ని బాధపెట్టినా దానికీ వాదన ఉంటుంది. పానెలూ ఊరికి ఉపన్యాసం ఇస్తే, ఇతను తనకి తనే ఇచ్చుకుంటాడు. కారణాలు వెతకడం ఒక జబ్బుగా ముదిరితే మనిషి ఎలా కూలిపోతాడో ఆ నవల చూపిస్తుంది. ఎందుకు అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ దాన్ని తన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి అంకితమిచ్చాడని గుర్తుంచుకుంటే ఇంకా లోతుగా తగులుతుంది.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లి గురించి లోకం చెప్పుకునే మాటలు జీవితమంతా వెంటాడతాయి. అతను డాక్టరు, చదువుకున్నవాడు, అయినా తప్పించుకోలేడు. ఆ నవలలో తత్వం చాలా ఉంది, కొన్నిచోట్ల ఎక్కువైందని కూడా అంటాను. కానీ అన్ని సిద్ధాంతాలూ తిరిగి తిరిగి అది చేరేది మనిషికి మనిషి మీద కాస్త దయ ఉంటే చాలన్న చోటికే. గెరాసిమ్ చేసింది అదే కదా. నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియాలో చదువుకునే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, పదహారు గంటలు. డబ్బులు, పరీక్షలు, ఊళ్ళో ఇల్లు, అమ్మాయిలు, అవమానాలు అన్నీ తలలో ఒకదాని మీద ఒకటి పరుగెడుతుంటాయి. మీ వయసు వాళ్ళు అన్నిటికన్నా ముందు పోల్చుకునేది అతన్నే. త్రిపుర కథలు కూడా వెతికి చదవండి, ముఖ్యంగా 'భగవంతం కోసం'. కాఫ్కాని అంతగా ప్రేమించి 'కాఫ్కా కవితలు' అనే పుస్తకమే రాసిన మనిషి.

బెకెట్‌ని చివరికి పెట్టుకున్నాను, ఎందుకంటే మీకు అందరికన్నా ఖాళీగా అనిపించింది అతనే అని రాశారు. 'గోడో కోసం' నాటకం ప్యారిస్‌లో మొదటిసారి ఆడింది 1953 జనవరి 5న. ఇద్దరు ఒక చెట్టు దగ్గర గోడో అనేవాడి కోసం ఎదురుచూస్తారు, అతను రాడు. మర్నాడూ రాడు. రాసినవాడు యుద్ధంలో నాజీలకి వ్యతిరేకంగా రహస్య దళంలో పనిచేశాడు, తోటివాళ్ళు పట్టుబడితే ప్రాణాలతో పారిపోయాడు, బాంబులకి నేలమట్టమైన సాఁ-లో అనే ఫ్రెంచి పట్టణంలో 1945లో రెడ్‌క్రాస్ ఆసుపత్రికి పనిచేశాడు. ఇది తెలిసి నాటకం చదివితే ఆ ఖాళీ స్టేజీ సరదాకి పెట్టింది కాదని తెలుస్తుంది. 1957లో కాలిఫోర్నియాలోని సాన్ క్వెంటిన్ జైల్లో సుమారు 1400 మంది ఖైదీల ముందు ఆ నాటకం వేశారు. పండితులు తలలు పట్టుకున్న నాటకాన్ని వాళ్ళు కదలకుండా చూశారు. ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో అంకంలో ఒక చిన్న పని జరుగుతుంది, సంభాషణల మధ్య చాలామంది దాన్ని దాటేస్తారు. ఎస్ట్రగాన్ నిద్రపోతాడు. వ్లదిమిర్ తన కోటు విప్పి అతని భుజాల మీద కప్పుతాడు, తర్వాత తనకి చలి వేయకుండా చేతులు ఊపుకుంటూ అటూ ఇటూ తిరుగుతాడు. గోడో రాడు, ఎందుకు రాడో తెలీదు, వచ్చినా ఏం చేస్తాడో తెలీదు. కోటు మాత్రం కప్పాడు. ఈ నాటకం గురించి అర్థశూన్యత అని ఎవరైనా రాస్తే, ఆ కోటుని ఎక్కడ పెట్టారని నేను అడుగుతాను.

ఇక మీ మనసు బరువు. ఇలాంటి పుస్తకాలు చదివాక రెండు మూడు రోజులు దిగులుగా ఉండటం మంచి పాఠకుడికి మామూలే. అయితే ఆ దిగులు పుస్తకాల కన్నా ముందే ఉందేమో ఒకసారి చూసుకోండి. నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన పదే పదే రావడం ఉంటే పుస్తకాలు పక్కన పెట్టి ఎవరితోనైనా మాట్లాడండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కామూ 'సిసిఫస్ పురాణం' వ్యాసాన్ని మొదలుపెట్టిందే ఆత్మహత్య ప్రశ్నతో. తేల్చింది మాత్రం బతకాలనే. పదిహేడేళ్ళకే క్షయ పట్టిన మనిషి ఆలోచించి చెప్పిన మాట అది, గాలిలోంచి చెప్పింది కాదు.

చదివే వరస మార్చుకోండి. వీళ్ళందర్నీ ఒకే నెలలో చదివించడం సిలబస్ చేసే అన్యాయం. 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' ముందు, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. తర్వాత 'గబ్బిలం', గొంతెత్తి చదవండి. ఆపైన 'రూపాంతరం', కొంత విరామం ఇచ్చి 'ప్లేగు'. 'అంపశయ్య' ఎప్పుడైనా చదవొచ్చు. బెకెట్‌ని ఒంటరిగా చదవొద్దు, హాస్టల్లో ఇద్దరు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదవండి. చాలాచోట్ల నవ్వొస్తుంది, అది రావాలి కూడా. 'అసమర్థుని జీవయాత్ర' మాత్రం పరీక్షల ముందు పెట్టుకోకండి, తీరుబడిగా సెలవుల్లో చదవండి. అది చదివాక సీతారామారావు గురించి నేను చెప్పిన మాటతో మీరు ఏకీభవించకపోతే తప్పకుండా రాయండి, దాని మీద ఇంకా మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.